బాదువాన్‌జిన్ ఇంట్లో సరిగ్గా చేయడం ఎలా: నిలబడటం దగ్గర్నుంచి ముగింపు దాకా

బాదువాన్‌జిన్ చైనాలో పుట్టిన నెమ్మదైన వ్యాయామం. అందులో ఉన్నవి ఎనిమిది కదలికలే. వీడియో చూస్తే ఒక్క పూటలో వచ్చేస్తాయనిపిస్తుంది. నెల తిరిగేసరికి ప్రశ్నలు మొదలవుతాయి. మోకాళ్లు ఎందుకు నొప్పెడుతున్నాయి? ఊపిరి ఎక్కడ పీల్చాలి, ఎక్కడ వదలాలి? తల ఎందుకు తిరుగుతోంది? ‘చీ’ (ఒంట్లో పారే శక్తి) అంటారే, అదేమీ తెలియడం లేదేంటి?

వీటిలో చాలావాటికి మూలం ఒకటే: క్రమం తప్పడం. చీగాంగ్ (ఒళ్లు, ఊపిరి, మనసు కలిపి చేసే చైనా సాధన, బాదువాన్‌జిన్ అందులోదే) నేర్పేవాళ్లు ముందు ఒంటిని కుదుర్చుకోమంటారు, తర్వాత ఊపిరిని, ఆఖరున మనసును. మన దగ్గర కొన్నాళ్లు యోగా, ప్రాణాయామం చేసి వచ్చినవాళ్లు ఊపిరితో మొదలుపెడతారు, ఒంటిని చివరంటా సాగదీస్తారు. అక్కడ మెచ్చుకునే అలవాట్లే ఇక్కడ అడ్డుపడతాయి. అందుకే ఈ వ్యాసంలో నిలబడటానికే ఎక్కువ చోటిచ్చాం.

ఇక్కడ చెప్పేది 2003లో చైనా ప్రభుత్వ క్రీడా శాఖ వెలువరించిన నిలబడి చేసే పద్ధతి. అన్ని కదలికలూ వచ్చాక మొత్తం 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది.

1. ముందు ఎవరు డాక్టర్‌ను అడగాలి

నెమ్మదిగా చేసేదే అయినా అందరికీ అన్ని కదలికలూ పనికిరావు. కదలికల అంకెలు కింద 5వ భాగంలోని వరస ప్రకారం.

- బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా లేదా రెటీనా సమస్య ఉన్నవాళ్లు: 5, 6 కదలికల్లో తల గుండె కంటే కిందికి వెళ్లకూడదు.
- డిస్క్ జారినవాళ్లు, సయాటికా ఉన్నవాళ్లు: 6వ కదలిక వదిలేయాలి.
- ఎముకలు గుల్లబారినవాళ్లు: ముందుకు వంగడం, 8వ కదలికలో మడమలు తాటించడం వద్దు.
- మెడ పూసల అరుగుదల, తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు: 4వ కదలికలో సగం దాకే తిప్పాలి, 5వది వద్దు.
- గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు: డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి.
- షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు: చెప్పుల్లేకుండా చేయకూడదు. పలచని, చదునైన అడుగున్న బూట్లు వేసుకోవాలి.

చైనీస్‌లో ఈ కదలికల పేర్లలోనే ‘గుండె మంటను తీసేది’, ‘మూత్రపిండాలను, నడుమును గట్టిపరిచేది’ అని ఉంటుంది. అది చైనా సంప్రదాయ వైద్యం మాట్లాడే భాష. గుండె మంట అంటే అక్కడ చిరాకు, నిద్రపట్టకపోవడం, నోటిపూత లాంటి లక్షణాల గుంపు. స్టెంట్ వేయించుకున్న గుండెకు అది మందు కాదు. వాడుతున్న మాత్ర ఒక్కటి కూడా దీనికోసం ఆపకండి.

2. చోటు, వేళ, బట్టలు

ఒక మనిషి రెండు చేతులూ చాపి ఒక అడుగు అటూ ఇటూ వేసేంత చోటు చాలు. నేల చదునుగా ఉండాలి. పాలిష్ రాయి మీద సాక్సులతో చేస్తే పెద్ద అడుగు వేసినప్పుడు కాలు జారుతుంది. మెత్తటి పరుపు మీదా వద్దు, చీలమండ నిలవదు. పలచని యోగా మ్యాట్ సరిపోతుంది.

డాబా మీద చేసేవాళ్లు ఎండ ఎక్కకముందే ముగించాలి. ఇంట్లోనైతే ఫ్యాన్ గాలి నేరుగా వీపు మీద పడకుండా నిలబడండి. చెమట పట్టిన ఒంటికి చల్లగాలి తగలకూడదన్నది చీగాంగ్ గురువులు గట్టిగా పట్టించుకునే నియమం. వెంటనే చన్నీళ్ల స్నానం కూడా చేయవద్దంటారు. చెమట ఆరేదాకా ఆగడంలో పోయేదేమీ లేదు.

- టిఫిన్ తిన్నాక గంట, భోజనం చేశాక రెండు గంటలు ఆగాలి. మరీ ఖాళీ కడుపు పడనివాళ్లు ఒక అరటిపండు తినొచ్చు.
- నడుము దగ్గర బిగించని ప్యాంటు గానీ సల్వార్ గానీ వేసుకోవాలి. చీరతో 2, 5, 7 కదలికల్లో కాలు చాలినంత దూరం పడదు.
- వాచీ, బెల్టు తీసేయాలి. మూత్రవిసర్జన ముగించుకుని రావాలి.
- ఫోన్‌లో వీడియో పెట్టుకుని చేయడం మొదటి వారం వరకే. తల తిప్పి తెర చూస్తూ చేస్తే ఏ కదలికా కుదరదు.

3. నిలబడటం: మొదటి రెండు వారాలు ఇదే ముఖ్యమైన పని

ఎనిమిది కదలికలూ ఈ ఒక్క నిలకడలోంచే మొదలై ఇందులోకే తిరిగొస్తాయి. ఇది సరిగ్గా లేకపోతే పైన చేతులతో ఏం చేసినా లాభం లేదు. కింది నుంచి పైకి సరిచూసుకుంటూ రావాలి.

పాదాలు. భుజాల వెడల్పున, ఒకదానికొకటి సమాంతరంగా. మనలో చాలామందికి మునివేళ్లు బయటికి తిరిగి ఉంటాయి. నేల మీది టైల్స్ గీతను ఆనవాలుగా పెట్టుకోండి. బరువు మడమ మీదే కాదు, వేళ్ల మీదే కాదు, అరికాలంతా పడాలి. ఒకసారి ముందుకూ వెనక్కూ కొద్దిగా ఊగి, వేళ్లు నేలను పట్టుకోవాల్సిన అవసరం లేని చోట ఆగండి.

మోకాళ్లు. బిగించకూడదు. తాడాసనం అలవాటైనవాళ్లు మోకాలిచిప్పను పైకి లాగి పట్టేస్తారు. ఇక్కడ దాన్ని వదలాలి. కొద్దిగా సడలితే చాలు, కుర్చీలో కూర్చున్నట్టు వంచక్కర్లేదు. మోకాలు పాదం రెండో వేలి దిశలోనే ఉండాలి.

నడుము. వెన్ను చివరి ఎముక కిందికి వేలాడుతున్నట్టు వదలాలి. పిరుదులు బిగించి ముందుకు నెట్టడం తప్పు. కాళ్లు సడలి, పొట్ట కింది భాగం వదులైతే నడుము వంపు దానంతటదే తగ్గుతుంది.

ఛాతీ, భుజాలు. ఛాతీ విరుచుకోవద్దు, కుంచించుకోనూ వద్దు. భుజాలను ఒకసారి చెవుల దాకా ఎత్తి, ఊపిరి వదులుతూ పడిపోనివ్వండి. చంకలో నిమ్మకాయ పట్టేంత సందు ఉండాలి.

తల. రెండు చెవుల పైకొనల నుంచి గీత గీస్తే మాడు మీద కలిసే చోటు ‘బైహుయ్’. అక్కడ పైకి లాగుతున్నట్టుండాలి. గడ్డం కొద్దిగా లోపలికి రావాలి. నాలుక కొన పైపళ్ల వెనక చిగురుకు ఆనీ ఆనకుండా ఉండాలి. పళ్లు కొరకొద్దు. కళ్లు తెరిచి ఎదురుగా చూడండి. మొదట్లో కళ్లు మూసుకుంటే తూలతారు.

చేతులు. చేతులను గుండ్రంగా పొట్ట ముందుకు తెచ్చి, అరచేతులు బొడ్డు వైపు తిప్పి, రెండు చేతుల వేళ్ల మధ్య సుమారు 10 సెంటీమీటర్లు ఎడం ఉంచాలి.

మొదటి వారం రోజూ మూడు నిమిషాలు ఇలా నిలబడండి. వారానికో నిమిషం చొప్పున పెంచుతూ పది దాకా వెళ్లొచ్చు. తొడలు వణికితే కంగారుపడొద్దు, కండరం ఆ పనికి కొత్త. మోకాలి కీలులో పోటు మాత్రం వేరు. అది వస్తే వెంటనే ఆపి పాదాలు, మోకాళ్ల దిశ సరిచూసుకోవాలి.

4. ఊపిరి: తక్కువ చేసేకొద్దీ మంచిది

మొదటి రెండు నెలలు ఊపిరిని ముట్టుకోవద్దు. ముక్కుతో పీల్చి ముక్కుతో వదలండి, అంతే. నోరు బిగించి ఆపడం, లెక్కపెట్టడం, కుంభకం పట్టడం వద్దు. ప్రాణాయామంలో వాటికి చోటుంది, ఇక్కడ లేదు. కదలిక ఒక వేగంతో, లెక్క మరో వేగంతో నడిచి రెండూ కొట్టుకుంటే గుండె దడ, తలబరువు మొదలవుతాయి.

కదలికలు చూసుకోకుండా చేయగలిగాక ఒక్క నియమం కలుపుకోండి: చేతులు లేచేటప్పుడు, తెరుచుకునేటప్పుడు పీల్చడం, దిగేటప్పుడు, ముడుచుకునేటప్పుడు వదలడం. పై చివర రెండు సెకన్లు నిలిచేటప్పుడు ఊపిరిని బిగబట్టకుండా సన్నగా సాగనివ్వండి. కదలిక మధ్యలో ఊపిరి అయిపోతే ఇంకోసారి పీల్చుకోండి. ఊపిరికోసం కదలికను తొందరపెట్టడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

మనసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శక్తి ఫలానా నాడిలో పారుతోందని ఊహించుకోవడం మొదటి ఏడాది అనవసరం. అరికాళ్లు నేలకు ఎలా తగులుతున్నాయో గమనించండి. ధ్యాస తప్పితే మళ్లీ అక్కడికే రండి.

5. ఎనిమిది కదలికలు

ప్రతి కదలికకూ పది భాగాల సాగుదల మీ ఒంటికి సాధ్యమైతే ఏడు దగ్గర ఆపండి. మిగిలిన మూడు భాగాల వదులు ఉంటేనే భుజాలు, మెడ బిగుసుకోవు.

5.1 రెండు చేతులతో ఆకాశాన్ని మోయడం (6 సార్లు)

బొడ్డు కింద రెండు చేతుల వేళ్లు పెనవేసి, అరచేతులు పైకి ఉంచండి. కాళ్లు నిటారు చేస్తూ చేతులు ఛాతీ దాకా తెచ్చి, అక్కడ అరచేతులు లోపలి నుంచి తిప్పి పైకి నెట్టండి. అప్పుడు చూపు చేతుల వెంట వెళ్తుంది. మోచేతులు ఇంకొంచెం చాపుతూ గడ్డం దించి ఎదురుగా చూడండి. రెండు సెకన్లు ఆగి, వేళ్లు విడదీసి, మోకాళ్లు సడలిస్తూ చేతులు రెండు పక్కల నుంచి దింపండి.

తప్పు: పక్కటెముకలు ముందుకు పొడుచుకొచ్చి నడుము వెనక్కి విరగడం. చేతులు చెవులను దాటి వెనక్కి పోతున్నాయంటే ఇదే జరుగుతోంది. చేతులు తలకు కాస్త ముందే ఉంచి, మాడుతో పైకి నెట్టండి.

5.2 విల్లు లాగడం (ఒక్కో పక్కకు 3 సార్లు)

ఎడమ కాలు పక్కకు వేయండి. రెండు పాదాల మధ్య మీ పాదం పొడవుకు రెండు నుంచి మూడింతల ఎడం ఉండాలి. మణికట్లు ఛాతీ ముందు అడ్డంగా, ఎడమ చేయి బయట. గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచుతూ, కుడిచేతి వేళ్లు కొక్కెంలా మడిచి కుడి భుజం ముందుకు లాగండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు విప్పి, మిగతావి మడిచి, మణికట్టు నిలబెట్టి ఎడమకు నెట్టండి. ఎడమ చూపుడువేలి మీదుగా చూడండి. తర్వాత బరువు కుడికాలి మీదికి మార్చి ఎడమ పాదం వెనక్కి తెచ్చుకోండి.

తప్పు: లోతుగా కూర్చోవాలన్న పంతం. మోకాలు మునివేళ్లను దాటినా, లోపలికి వాలినా నొప్పి ఖాయం. పైనే ఆగండి. రెండో తప్పు, లాగే మోచేయి జారిపోవడం. అది భుజం ఎత్తులో ఉంటేనే వీపు పై భాగం తెరుచుకుంటుంది.

5.3 ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి (ఒక్కో పక్కకు 3 సార్లు)

ఎడమ చేయి ముఖం ముందు నుంచి లేచి, తిరిగి, తలకు ఎడమ పక్కన పైకి నెట్టాలి; అరచేయి ఆకాశానికి, వేళ్లు కుడివైపు, మోచేయి కొద్దిగా వంగి. అదే సమయంలో కుడి అరచేయి కుడి తుంటి పక్కన, 10 సెంటీమీటర్ల ఎడంగా, వేళ్లు ముందుకు పెట్టి కిందికి నొక్కాలి. రెండు అరచేతుల అడుగుభాగం ఒకేసారి బరువు తీసుకోవాలి. ఒంటిని పక్కకు వంచకండి. కింది చేయి ఊరకే వేలాడితే సగం పని జరగనట్టే.

5.4 వెనక్కి చూడటం (ఒక్కో పక్కకు 3 సార్లు)

కాళ్లు నిటారు చేస్తూ చేతులు రెండు పక్కలా చాపి, అరచేతులు బయటికి తిరిగేదాకా భుజాల నుంచి తిప్పండి. తల ఎడమకు తిప్పి వెనక పక్కగా చూడండి. తలే తిరగాలి, మొండెం కాదు. తుంటి ఎముకలు రెండూ ఎదురు గోడనే చూస్తున్నాయా అని గమనించుకోండి. గడ్డం పైకి లేస్తే మెడ వెనక నొక్కుకుపోతుంది.

5.5 తల ఊపి తోక ఆడించడం (ఒక్కో పక్కకు 3 సార్లు)

ఎనిమిదింటిలో కష్టమైనది ఇదే. ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే, కనుక చివరగా నేర్చుకోండి.

కుడి కాలు పక్కకు వేసి గుర్రపు భంగిమలో కూర్చుని, చేతులు మోకాళ్లకు పైన తొడల మీద ఆనించండి. కొద్దిగా లేచి బరువు కుడికి మార్చి, కుడికి వాలి, కుడి పాదాన్ని చూడండి. మొండెం ముందు నుంచి గుండ్రంగా ఎడమకు తీసుకెళ్లండి. చూపు కుడి పాదం మీదే ఉంటుంది. అక్కడి నుంచి బరువు కుడికి తెస్తూ, తల వెనగ్గా తిప్పుకుంటూ లేచి, గడ్డం దించి మధ్యకు రండి.

మొదట తల వెనక్కి వేయడం పూర్తిగా మానేయండి. వెన్ను చివరి ఎముక నుంచి సున్నా చుడుతున్నట్టు తుంటితో మొదలుపెడితే తల దాని వెంట వస్తుంది. తలతో మొదలుపెట్టి మెడను గిర్రున తిప్పితే కళ్లు తిరుగుతాయి. చేతుల మీద బరువంతా వేసి తొడలను నొక్కడం మరో తప్పు.

5.6 పాదాలు అందుకోవడం (6 సార్లు)

చేతులు ముందు నుంచి పైకెత్తి, అరచేతులతో ఛాతీ ముందు నుంచి కిందికి నొక్కుతూ తెచ్చి, చంకల కింద నుంచి వెనక్కి పోనిచ్చి, వెన్నుకు రెండు పక్కలా రాస్తూ పిరుదుల దాకా దింపండి. తర్వాత వంగుతూ కాళ్ల వెనక నుంచి పాదాల మీదికి. తల కొద్దిగా ఎత్తి, చేతులను ముందుకు చాపి, ఆ చేతులే ఒంటిని లాగుతున్నట్టు లేవండి.

పాదహస్తాసనం వచ్చినవాళ్లు నుదురు మోకాళ్లకు ఆనిస్తారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది లేచే తీరు: ముందు చేతులు, వాటి వెంట నడుము. నడుమును ముందు ఎత్తి తలను వేలాడదీసి లేస్తే కింది పూసల మీద భారం పడుతుంది. చేతులు పిక్కల దాకే అందితే పిక్కల దాకే చాలు, మోకాళ్లు కాస్త వంగినా తప్పులేదు.

5.7 పిడికిలి బిగించి కళ్లెర్రజేయడం (ఒక్కో పక్కకు 3 సార్లు)

ఎడమ కాలు పక్కకు వేసి గుర్రపు భంగిమ. బొటనవేలును ఉంగరపు వేలి మొదట్లో పెట్టి, మిగతా వేళ్లతో కప్పి పిడికిలి పట్టి నడుము దగ్గర ఉంచండి. ఒక పిడికిలిని నెమ్మదిగా భుజం ఎత్తుకు ముందుకు పోనిస్తూ, దాన్నే తీక్షణంగా చూడండి. చివర అరచేయి విప్పి, బొటనవేలు కిందికి వచ్చేలా తిప్పి, మణికట్టును పూర్తిగా ఒక చుట్టు తిప్పి, మళ్లీ పట్టి వెనక్కి లాక్కోండి.

బిగువు దాదాపు లేకుండా మొదలై, చేయి చాచేకొద్దీ పెరిగి, విప్పగానే పోవాలి. మొదట్నుంచీ బిగించి ఉంచితే బీపీ ఉన్నవాళ్లకు ఇబ్బంది. మోచేయి పక్కటెముకలను రాసుకుంటూ పోవాలి.

5.8 మడమలు దింపడం (7 సార్లు)

పాదాలు దగ్గరగా పెట్టి, మాడుతో లేస్తున్నట్టు మడమలెత్తి రెండు సెకన్లు నిలవండి. సగం దూరం నెమ్మదిగా దిగి, మిగతాది మెల్లగా తాటించండి. పళ్లు తేలిగ్గా కలిపి ఉంచితే దవడ అదరదు. కింది ఇంటివాళ్లకు చప్పుడు వినిపిస్తోందంటే గట్టిగా కొడుతున్నట్టే. తూలేవాళ్లు ఒక చేయి గోడకు ఆనించాలి.

6. ముగించడం

అప్పటికప్పుడు ఆపేసి ఫోన్ అందుకోవద్దు. చేతులు పక్కల నుంచి గుండ్రంగా తెచ్చి బొడ్డు కింద ఒకదానిపై ఒకటి ఉంచండి. ఊపిరి మామూలయ్యేదాకా ఒకటి రెండు నిమిషాలు నిలబడండి. అరచేతులు రుద్ది ముఖం తుడుచుకుని, పది అడుగులు నడవండి. తొందరలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. తర్వాత తల బరువుగా ఉందనేదీ వాళ్లే.

7. ఏ వారం ఏది

- 1–2 వారాలు: నిలబడటం, 1, 3, 8
- 3–4 వారాలు: 2, 4 చేర్చాలి
- 5–6 వారాలు: 7, ఆపైన 6
- 7వ వారం నుంచి: 5, అదీ చిన్నగా
- రెండు నెలలు నిండాక: ఊపిరిని కదలికతో కలపడం

నేర్చుకునే క్రమం ఇలా ఉన్నా, చేసేటప్పుడు అంకెల వరసలోనే చేయాలి. వారానికి ఐదు రోజులు పదిహేను నిమిషాలు చేయడం ఆదివారం ఒక్కరోజే గంట చేయడం కంటే మంచిది. నిలబడలేని పెద్దవాళ్లు చేతుల్లేని గట్టి కుర్చీ అంచున కూర్చుని 1, 3, 4 చేయొచ్చు.

8. తేడా వచ్చినప్పుడు

మోకాలి లోపలి పక్క నొప్పి: పాదం బయటికి తిరిగి, మోకాలు లోపలికి వాలుతోంది. అద్దం ముందు సరిచూసుకోండి, అడుగు వెడల్పు తగ్గించండి.

భుజాలు, మెడ పట్టేయడం: చేతులను భుజాలతో ఎత్తుతున్నారు. మోచేయి ముందు కదలాలి, మణికట్టు దాని వెంట రావాలి.

తల తిరగడం: వెంటనే కూర్చోండి. చాలాసార్లు ఊపిరి బిగబట్టడం గానీ, కళ్లు మూసుకోవడం గానీ కారణం. ఛాతీలో నొప్పి, చెమటలు, మాట తడబడటం ఉంటే ఇక ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రాత్రి నిద్ర పట్టకపోవడం: పడుకునే ముందు చేస్తున్నారేమో చూడండి. సాయంత్రానికి మార్చండి, 7వ కదలిక తగ్గించండి.

ఆవలింతలు, కళ్లలో నీళ్లు, అరచేతుల్లో వెచ్చదనం: మామూలే. వాటికోసం వెతకొద్దు, వస్తే పట్టుకోవద్దు.

ఏమీ తెలియకపోవడం: అదీ మామూలే. కాళ్లు నిలుస్తున్నాయా, భుజాలు వదులయ్యాయా అన్నదే మొదటి నెలల్లో కొలత.

ఒళ్లు దానంతటదే ఊగిపోవడం, భయం, మాటలు వినిపించడం, రోజుల తరబడి నిద్రలేకపోవడం: అభ్యాసం ఆపేయాలి. శక్తి మేలుకుంటోందని ఎవరైనా చెప్పినా వినొద్దు. గంటల తరబడి ధ్యానం, బలమైన ఊహలు కలిసినప్పుడు ఇలాంటివి రావచ్చని చైనా వైద్యులకు తెలుసు. 1994లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్ఎం-4లో కూడా దీన్ని చేర్చారు. మానసిక వైద్యుడిని కలవాలి. ఇంతకుముందే సైకోసిస్ లేదా బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టర్ సలహా లేకుండా సుదీర్ఘ ధ్యానం మొదలుపెట్టకూడదు.

9. గురువు దగ్గర చూసుకోవాల్సినవి

రెండు మూడు క్లాసులైనా ఎదురుగా ఒకరు చూసి సరిదిద్దితే నెలల శ్రమ మిగులుతుంది. చేరేముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి.

- మీకున్న జబ్బులు, వాడే మందులు ముందే అడుగుతున్నారా
- మోకాళ్లు, పాదాల దిశ దగ్గర ఆగి సరిచేస్తున్నారా, లేక ఎదురుగా నిలబడి చేసుకుంటూ పోతున్నారా
- మీకు రాని కదలికకు తేలిక మార్గం చూపగలుగుతున్నారా
- ఒంటి మీద చేయి వేసే ముందు అడుగుతున్నారా
- ఒక క్లాసుకే డబ్బు తీసుకుంటారా, ఏడాది ఫీజు ముందే కట్టాలంటున్నారా

చేతుల్లోంచి చీ పంపి జబ్బు నయం చేస్తామన్నా, మాత్రలు మానేయమన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అదే చోట ఆక్యుపంక్చర్ సూదులు కూడా గుచ్చుతామంటే శిక్షణ ఎక్కడ పొందారో అడగండి. సూదులు ఒక్కసారి వాడి పారేసేవేనా, మూత మీ ఎదుటే తీస్తున్నారా చూసుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి సూదికి ముందే చెప్పాలి.